వార్డు తెలిసిన నర్సుకి ఇల్లు నడపడం నేర్పిన కథ

అమెరికాలో వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో దశాబ్దాలపాటు ఒకటే ఆనవాయితీ. డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ ఉద్యోగం ఖాళీ అయితే, ఉన్న నర్సుల్లో బాగా పనిచేసే ఆమెను పిలిచి, రేపటి నుంచి ఈ బాధ్యత మీదే అనేవాళ్ళు. వీపు మీద చర్మం ఎర్రబడగానే పడక పుండు మొదలవుతోందని పసిగట్టే నర్సు. మాట పోయిన ముసలాయనకు నొప్పి ఎక్కడుందో ముఖం చూసి చెప్పగల నర్సు. మర్నాటి నుంచి ఆమె చేతిలో వంద మంది వృద్ధులు, దాదాపు అంతే సిబ్బంది, మూడు షిఫ్టుల డ్యూటీ చార్టు, ముందు చెప్పకుండా తనిఖీకి వచ్చే రాష్ట్ర అధికారులు. మనుషుల్ని నడిపించడం ఎలాగో మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే డాక్టరుగారి చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అది వృద్ధులు నెలలు, ఏళ్ళ తరబడి ఉండే చోటు. చాలామందికి అదే ఆఖరి ఇల్లు. అక్కడికి డాక్టరు అప్పుడప్పుడు వస్తాడు, వెళ్తాడు. ఇరవైనాలుగు గంటలూ ఉండేది నర్సులు, వాళ్ళకు సాయపడే నర్సింగ్ ఎయిడ్లు. అందుకే ఆ ఇంటి బాగోగులు డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ చేతిలో ఉంటాయి.

అలాంటి ఇళ్ళు అన్ని పుట్టుకురావడానికి ఒక చట్టం కారణం. 1935లో వచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు నెలనెలా డబ్బు ఇచ్చింది. కానీ ప్రభుత్వం నడిపే పేదల ఆశ్రమాల్లో ఉండేవాళ్ళకు ఇవ్వనంది. ఆ ఆశ్రమాలు అప్పటికే చెడ్డపేరు తెచ్చుకుని ఉన్నాయి, వాటిని మూయించడమే ఉద్దేశం. దాంతో వృద్ధులు చేతిలో డబ్బుతో ప్రైవేటు ఇళ్ళు వెతుక్కున్నారు. ఆర్థిక మాంద్యంలో పని పోయిన నర్సులు, ఖాళీ గదులున్న గృహిణులు తమ ఇళ్ళలోనే మంచాలు వేశారు. 1965లో మెడికేర్, మెడికెయిడ్ అనే వైద్య పథకాలు వచ్చాక ప్రభుత్వ డబ్బు ప్రవాహంలా వచ్చింది, ఈ రంగం పెద్ద వ్యాపారమైంది. మంచాలు పెరిగిన వేగంతో వాటి పక్కన నిలబడే మనుషుల చదువు పెరగలేదు.

1967లో వచ్చిన చట్ట సవరణలతో నర్సింగ్ హోమ్ అడ్మినిస్ట్రేటర్‌కి రాష్ట్ర లైసెన్సు తప్పనిసరి అయింది. లెక్కలు, భవనం, ఉద్యోగుల వ్యవహారం చూసే మనిషికి పరీక్ష పెట్టారు. పక్క గదిలో కూర్చుని ప్రాణాల బాధ్యత చూసే డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌కి మాత్రం రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు ఉంటే చాలన్నారు. ఈ తేడా వెనుక ఒక నమ్మకం ఉంది. మంచి నర్సు అయితే మంచి నాయకురాలు తనంతట తానే అయిపోతుందని. ఎన్నో ఇళ్ళలో వృద్ధులు పడ్డ బాధలకు ఈ నమ్మకం ఒక కారణమని నేను అనుకుంటాను.

దానికి పూర్తి భిన్నంగా ఆలోచించిన ఒకావిడ అప్పటికే న్యూయార్క్‌లో పనిచేస్తున్నారు. ఆవిడ పేరు లిడియా హాల్. బ్రాంక్స్‌లోని మాంటెఫియోర్ ఆసుపత్రి పక్కన 1963లో లోబ్ సెంటర్ తెరిచారు. జబ్బు తీవ్రత తగ్గినా ఇంటికి వెళ్ళేంత కోలుకోని రోగుల కోసం అది. వృద్ధుల శాశ్వత నివాసం కాదు. కానీ నర్సు నాయకత్వం ఎలా ఉండాలో చూపించింది మాత్రం అక్కడే. ఆ కేంద్రానికి అధిపతి నర్సే. రోగిని చేర్చుకోవాలా వద్దా అన్నదీ నర్సులే చూసేవాళ్ళు. స్నానం చేయించడం నుంచి మందు ఇవ్వడం దాకా చదువుకున్న నర్సే స్వయంగా చేయాలని హాల్ పట్టుదల. ఒళ్ళు తుడిచే ఆ పది నిమిషాల్లోనే రోగి తన భయం బయటపెడతాడని ఆవిడ గట్టిగా నమ్మారు.

నా దృష్టిలో లోబ్ సెంటర్‌లో అన్నిటికంటే విలువైనది సీనియర్ నర్సు చేసే పని. ఆమె తప్పులు పట్టే సూపర్‌వైజర్ కాదు. కింది నర్సుకు చిక్కు వస్తే పక్కన కూర్చుని ఆలోచింపజేసే మనిషి. రోగితో నర్సు ఎలా మాట్లాడాలో, నర్సుతో సీనియర్ అలాగే మాట్లాడాలి. 1969లో హాల్ మరణించారు. ఆ పద్ధతి దేశమంతా పాకలేదు, ఖర్చు ఎక్కువన్నారు. కానీ నర్సింగ్ గురించి ఆలోచించే వాళ్ళ మనసుల్లో ఆ నమూనా నిలిచిపోయింది.

1970ల్లో నర్సింగ్ హోముల గురించి వార్తలన్నీ చెడ్డవే. మంటల్లో మరణాలు, కలుషిత ఆహారం, మోసాలు, సెనేట్ విచారణలు. 1975లో ఎల్మా హోల్డర్ అనే ఆవిడ పూనికతో నర్సింగ్ హోముల సంస్కరణ కోసం ఒక జాతీయ కూటమి ఏర్పడింది. నివాసితుల తరఫున మాట్లాడే గొంతు అది. మరోవైపు నర్సింగ్ కాలేజీలవాళ్ళు తమను తాము ఒక ప్రశ్న వేసుకున్నారు. డాక్టర్లు నేర్చుకోవడానికి బోధనాసుపత్రులున్నాయి. వృద్ధుల నర్సింగ్ నేర్చుకోవడానికి బోధనా నర్సింగ్ హోములు ఎందుకు లేవు?

ఆ ప్రశ్నకు రాబర్ట్ ఉడ్ జాన్సన్ ఫౌండేషన్ డబ్బు పెట్టింది. 1982 నుంచి 1987 దాకా 11 నర్సింగ్ కాలేజీలను 12 నర్సింగ్ హోములతో జోడించారు. కార్యక్రమాన్ని నడిపింది మాథీ మెజీ. ఆరెగాన్‌లోని మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్ళో క్రైస్తవ సన్యాసినుల బెనెడిక్టైన్ నర్సింగ్ సెంటర్ కూడా అందులో ఒకటి. కాలేజీ అధ్యాపకురాలు వారంలో కొన్ని రోజులు ఆ ఇంట్లోనే పనిచేస్తుంది. ఆ ఇంటి నర్సులు కాలేజీలో పాఠం చెబుతారు. అప్పటిదాకా నర్సింగ్ హోమ్ ఉద్యోగమంటే ఆసుపత్రిలో చోటు దొరకనివాళ్ళు చేసేదని చులకన. ఆ చులకన తొలిసారిగా కొంత కరిగింది. వృద్ధులను ఆసుపత్రికి తరలించడం తగ్గిందని తర్వాత జరిగిన మదింపులో తేలింది. డబ్బు ఆగిపోయాక చాలా జోడీలు విడిపోయాయి. ఇంత మంచి ఏర్పాటు ఐదేళ్ళ గ్రాంటు మీద ఆధారపడటం విచారకరం.

ఇక 1986. ఈ కథలో అది ముఖ్యమైన ఏడాది. సిడ్నీ కాట్జ్ అధ్యక్షతన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కమిటీ నర్సింగ్ హోముల నాణ్యత మీద పెద్ద నివేదిక ఇచ్చింది. అదే ఏడాది డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌లు తమకు తామే ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఒక్కో ఊళ్ళో ఒక్కొక్కరుగా మిగిలిపోయిన ఈ నర్సులకు తమ కష్టం ఇంకొకరికీ ఉందని తెలియడమే పెద్ద ఊరట. సంఘం సదస్సులు పెట్టింది, పాఠాలు తయారుచేసింది, తర్వాత డైరెక్టర్లకు సొంతంగా సర్టిఫికేషన్ పరీక్ష కూడా తెచ్చింది. అయితే అది ఇష్టమైనవాళ్ళు రాసుకునే పరీక్షే.

మరుసటి ఏడాది డిసెంబరులో నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం వచ్చింది. పూర్తికాలం పనిచేసే రిజిస్టర్డ్ నర్సు ఒకరు డైరెక్టర్‌గా ఉండితీరాలి. రోజుకు కనీసం ఎనిమిది గంటలు, వారంలో ఏడు రోజులూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలి. ప్రతి వృద్ధుడి పరిస్థితినీ ఒకే పద్ధతిలో మదింపు చేసి రాయాలి. నర్సింగ్ ఎయిడ్‌కి కనీసం 75 గంటల శిక్షణ ఇవ్వాలి. అన్నీ మంచి నిబంధనలే. కానీ మంచం పక్కన ఉండే ఎయిడ్‌కి 75 గంటలు రాసిన ఆ చట్టం, ఆ ఎయిడ్లందరినీ నడిపించే డైరెక్టర్‌కి నాయకత్వంలో ఒక్క గంట కూడా రాయలేదు.

ఆ లోటు ఎంత పెద్దదో, కట్టి ఉంచిన వృద్ధుల కట్లు విప్పే పని మొదలుపెట్టాక బయటపడింది.

1980ల చివరి దాకా అమెరికా నర్సింగ్ హోముల్లో సుమారు నూటికి నలభై మంది వృద్ధులను ఏదో ఒక రకంగా కట్టి ఉంచేవాళ్ళు. ఛాతీకి గుడ్డ చొక్కా తొడిగి దాని పట్టీలు కుర్చీ వెనక ముడివేసేవాళ్ళు. లేదా ముందు బల్ల బిగించిన కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఇది క్రూరత్వంతో చేసింది కాదు. పడిపోతే తుంటి ఎముక విరుగుతుందని భయం, కేసు వేస్తారని భయం. కానీ కట్టిన మనిషి కండలు కరిగిపోతాయి, పుండ్లు పడతాయి, లేవాలని పెనుగులాడతారు, కొందరు పట్టీల్లో చిక్కి ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెన్సిల్వేనియాలో కెండల్ అనే సంస్థ తన కేంద్రాల్లో అసలు కట్టకుండానే నడిపి చూపించింది. వృద్ధుల కట్లు విప్పండి అంటూ వాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం 1989లో వాషింగ్టన్‌లో సెనేట్ దాకా వెళ్ళింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లోయిస్ ఎవాన్స్, నెవిల్ స్ట్రంఫ్ అనే ఇద్దరు నర్సింగ్ ఆచార్యులు దీన్ని పరిశోధనగా తీసుకున్నారు. మూడు నర్సింగ్ హోములు ఎంచుకున్నారు. ఒక చోట ఏమీ మార్చలేదు. రెండో చోట సిబ్బందికి కట్ల మీద పాఠాలు చెప్పారు. మూడో చోట పాఠాలతో పాటు, వృద్ధుల నర్సింగ్‌లో నిపుణురాలైన ఒక నర్సు ఆరు నెలలు వారం వారం వచ్చి సిబ్బంది పక్కన నిలబడింది. ఈ ముసలావిడ ఎందుకు మాటిమాటికీ లేస్తోంది? బాత్రూమ్‌కా, నడుం నొప్పా, కొడుకు వస్తాడని ఎదురుచూపా? ఇలా ఒక్కో మనిషి గురించి వాళ్ళతో కలిసి ఆలోచించింది. మంచం ఎత్తు తగ్గించడం, కింద మెత్తటి పరుపు వేయడం, ఆ మనిషి ఒంటికి సరిపోయే కుర్చీ ఇవ్వడం లాంటి మార్గాలు చూపింది. 1997లో ఫలితాలు వెలువడ్డాయి. ఏమీ చేయని చోట కట్లు 11 శాతం తగ్గాయి. పాఠాలు మాత్రమే విన్నచోట 23 శాతం. పక్కన మనిషి ఉన్నచోట 56 శాతం.

డైరెక్టర్ల శిక్షణ తర్వాత ఏ దారి పట్టిందో అర్థం చేసుకోవడానికి ఈ మూడు అంకెలు చాలు. హాల్‌లో కూర్చోబెట్టి నాలుగు ఉపన్యాసాలు ఇస్తే నర్సు మారదని కాదు, కొంతే మారుతుంది. తన సొంత ఇంట్లో, తన సొంత చిక్కు మీద, తెలిసినవాళ్ళు తోడు నిలిస్తే మారే తీరు వేరు.

రెండో ఆధారం టెక్సాస్ నుంచి వచ్చింది. రూత్ ఆండర్సన్, ఆవిడ సహచరులు 164 నర్సింగ్ హోములను పరిశీలించి 2003లో ప్రచురించారు. వాళ్ళు చూసింది మందులనో పరికరాలనో కాదు, నడిపించే పద్ధతిని. మనసులో మాట పైకి చెప్పగలిగే వాతావరణం ఉందా, నిర్ణయాల్లో నర్సులకు భాగం ఉందా, పై మనిషి మనుషులతో సంబంధం కలుపుకుంటుందా, కాగితం నియమాలే సర్వస్వమా. ఇవి బాగున్నచోట వృద్ధుల ఒంటి మీద ఫలితం కనిపించింది. కట్లు, ఎముకలు విరగడం, దుడుకు ప్రవర్తన, మంచాన పడి ఉండటం వల్ల వచ్చే సమస్యలు, వీటిలో ఒక్కోదానికి నడిపించే తీరుతో సంబంధం కనబడింది. డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ ఎక్కువ కాలం నిలిచిన ఇళ్ళు కూడా మెరుగ్గా ఉన్నాయి. నాయకత్వం అనేది ఆఫీసు గదికి సంబంధించిన విషయమని అనుకునేవాళ్ళకు ఇది గట్టి జవాబు. పై గదిలో మాట్లాడే తీరుకు కింద వార్డులో తుంటి ఎముకతో సంబంధం ఉంది.

పక్కన నిలిచి సాయం చేయడం, నాయకత్వం నేర్పడం, ఈ రెండూ కలిసి నడిచిన చోటు మిస్సోరి. అక్కడి విశ్వవిద్యాలయం నర్సింగ్ స్కూలులో మెరిలిన్ రాంట్జ్ బృందం 1999లోనే రాష్ట్ర ప్రభుత్వ సాయంతో ఒక పని మొదలుపెట్టింది. అనుభవం ఉన్న నర్సులు నర్సింగ్ హోములకు వెళ్తారు. తనిఖీ చేయడానికి కాదు, శిక్ష వేయడానికి కాదు, సాయం చేయడానికి. ఆ ఇంటి మదింపు రికార్డులు డైరెక్టర్‌తో కలిసి చదువుతారు. ఇలా తిరిగిన నర్సులకు ఎక్కడికి వెళ్ళినా ఎదురైంది ఒకటే, డైరెక్టర్‌కి నర్సింగ్ తెలుసు, మనుషుల్ని కూడగట్టడం తెలియదు. దాంతో దీర్ఘకాల సంరక్షణలోని రిజిస్టర్డ్ నర్సుల కోసం ప్రత్యేకంగా నాయకత్వ అకాడమీ పెట్టారు. దాని మదింపు 2010లో అచ్చయింది. ఆ రోజుల్లోనే ఇతర రాష్ట్రాల్లోనూ నర్సింగ్ ఆచార్యులు ఈ దారిలో నడిచారు.

ఇలాంటి శిక్షణలో ఏం నేర్పుతారో ఒక ఉదయం ఊహించుకుంటే తెలుస్తుంది. ఆరున్నరకి ఫోను. ఇద్దరు ఎయిడ్లు డ్యూటీకి రావడం లేదు. రాత్రి నర్సు ఛార్జి అప్పగిస్తూ, పన్నెండో గదిలో ఆవిడ తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ పడిపోయారని చెబుతుంది. ఆవిడ కూతురు తొమ్మిదింటికి వస్తానంది, కోపంగా ఉంది. పదింటికి అడ్మినిస్ట్రేటర్ గదిలో మీటింగు, ఓవర్‌టైం ఎందుకు పెరిగిందని. శిక్షణ లేని డైరెక్టర్ తనకు బాగా వచ్చిన పని చేస్తుంది. కోటు విడిచి తానే వెళ్ళి నలుగురికి స్నానాలు చేయిస్తుంది. చూసినవాళ్ళు ఎంత మంచిదో అంటారు, నిజమే. కానీ మర్నాడు ఉదయం మళ్ళీ అదే ఫోను, అదే గదిలో అదే పడిపోవడం.

శిక్షణ పొందిన డైరెక్టర్ ఏడింటికి వార్డు మధ్యలోనే ఐదు నిమిషాలు అందరినీ నిలబెట్టి మాట్లాడుతుంది. తప్పు ఎవరిదని కాదు, ఆవిడ ఎందుకు లేచారని అడుగుతుంది. మాట్లాడే అవకాశం ఎప్పుడూ రాని ఎయిడ్ ఒకామె, ఈ వారం నుంచి ఒంటేలు మాత్ర సాయంత్రం ఇస్తున్నారండీ, రాత్రంతా లేస్తూనే ఉన్నారు అంటుంది. డాక్టరుతో మాట్లాడి మాత్ర పొద్దుటికి మారుస్తారు. కూతురు వచ్చేసరికి ఆమెకు చెప్పడానికి క్షమాపణతో పాటు ఒక కారణం, ఒక పరిష్కారం ఉంటాయి. రాని ఇద్దరు ఎయిడ్ల సంగతి కూడా అంతే. రోజుకో వార్డుకి మార్చి మార్చి వేస్తే ఏ ముసలివాళ్ళతోనూ బంధం కుదరదు, ఉద్యోగం మీద మమకారం ఉండదు. ఎప్పుడూ అదే మనుషుల దగ్గర అదే ఎయిడ్‌ని వేయడం నాయకత్వ పాఠాల్లో ముఖ్యమైన పాఠం. డ్యూటీ చార్టు రాయడమూ నర్సింగే.

2012లో మిస్సోరి బృందం సెయింట్ లూయిస్ ప్రాంతంలో 16 నర్సింగ్ హోముల్లో ఉన్నత శిక్షణ పొందిన నర్సును ఒక్కొక్కరిని పూర్తికాలం నిలిపింది. అవసరం లేని ఆసుపత్రి తరలింపులు బాగా తగ్గాయి. లోబ్ సెంటర్ సీనియర్ నర్సు చేసిన పనికీ, వీళ్ళు చేసిన పనికీ మధ్య యాభై ఏళ్ళ దూరం ఉంది. పని మాత్రం ఒకటే.

2020 ఫిబ్రవరి చివర వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లాండ్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో కోవిడ్ బయటపడింది. తర్వాతి రెండేళ్ళలో దేశంలోని దీర్ఘకాల సంరక్షణ కేంద్రాల్లో రెండు లక్షల మందికి పైగా నివాసితులు, సిబ్బంది చనిపోయారు. మాస్కులు లేక, మనుషులు లేక, కుటుంబాలను కిటికీ అవతలే నిలబెట్టాల్సి వచ్చిన ఆ నెలల్లో భారమంతా డైరెక్టర్ల భుజాల మీద పడింది. 2022లో అమెరికా జాతీయ అకాడమీల నివేదిక ఎట్టకేలకు అసలు మాట చెప్పింది. అడ్మినిస్ట్రేటర్‌తో పాటు డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌కి కూడా కనీస విద్యార్హత, జాతీయ స్థాయి ప్రమాణాలు నిర్ణయించాలని. అది సిఫార్సు. 2024లో వచ్చిన కనీస సిబ్బంది నిబంధనలనే మరుసటి ఏడాది టెక్సాస్ ఫెడరల్ కోర్టు కొట్టివేసింది కాబట్టి, సిఫార్సు చట్టమయ్యే రోజు దగ్గర్లో ఉందని చెప్పలేను.

ఇదంతా మనకెందుకు? అమెరికా 1965 వలస చట్టం తర్వాత వెళ్ళిన తొలితరం తెలుగువాళ్ళు ఇప్పుడు ఇలాంటి సంరక్షణ అవసరమయ్యే వయసులో ఉన్నారు. ఇక్కడ చూస్తే, 2023 నాటి ఐక్యరాజ్యసమితి జనాభా నిధి నివేదిక ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళు 2022లో 14.9 కోట్లు. 2050కి 34.7 కోట్లు అవుతారు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఎన్నో. మన 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి మాట్లాడింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఒకటి వృద్ధుల నర్సింగ్‌లో పెట్టింది. బీఎస్సీ నర్సింగ్‌లో నిర్వహణ, నాయకత్వం ఒక సబ్జెక్టు. ఈ రెండింటినీ కలిపి వృద్ధాశ్రమం నడిపే నర్సును తయారుచేసే పని మన నర్సింగ్ కాలేజీలు మొదలుపెట్టాలి. అమెరికాలా ముందు మంచాలు వేసి, తర్వాత యాభై ఏళ్ళకు నర్సు గురించి ఆలోచించే పని పెట్టుకోవద్దు.

అమ్మకో నాన్నకో చోటు వెతుకుతూ ఏదైనా కేంద్రానికి వెళ్తే, ఏసీ గదులు, తోట, లిఫ్టు చూశాక ఆఫీసులో ఇంకో నాలుగు ప్రశ్నలు అడగండి. ఇక్కడ నర్సులకు పెద్ద ఎవరు? ఆమె ఏం చదివారు? ఈ ఉద్యోగంలో ఎన్నాళ్ళుగా ఉన్నారు? ఆమెను ఇప్పుడు కలవచ్చా? జవాబు విన్నాకే అడ్వాన్సు కట్టండి.